టైంకీపరుకి నేను వేసిన దొంగ హాజరు

ఇళ్ళకు పోయి రోగుల్ని చూసుకునే పనిలోకి కొత్తగా వచ్చిన ఆడపిల్లలు నన్ను అడుగుతుంటారు, ఇన్నేళ్ళలో పెద్ద తప్పేదైనా చేశావా అని. చేయలేదు అనేవాళ్ళు పని కూడా చేసి ఉండరు. నా తప్పులన్నీ రాయాలంటే నాకు ఓపిక లేదు. అక్షరాలు నలభై ఎనిమిదో ఏట వచ్చినవి, ఇప్పటికీ ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. కాబట్టి ఒక్కటే రాస్తాను. ఒక పెద్దాయన మెదడులోకి జీన్ మందు ఎక్కించాలని ఇంటిల్లిపాదీ తయారైనప్పటి సంగతి ఇది. మెదడు ఆయనది, తొందర మాత్రం అందరిదీ.

నేను ఇరవై ఏళ్ళకు పైగా మా బంగారు గనుల ఊళ్ళో, కోరమండల్ దగ్గర ఒక నర్సింగ్ హోమ్‌లో ఆయాగా చేశాను. అక్కడ పనిలో చేరిన మొదటి రోజే హెడ్ నర్సు ఒక పాఠం చెప్పింది. పెద్ద డాక్టరు రౌండ్సుకి వచ్చి ఎవరెలా ఉన్నారని అడిగితే "పర్వాలేదు సార్" అనాలి. జ్వరం దిగకపోయినా పర్వాలేదు, రాత్రంతా రోగి అరిచినా పర్వాలేదు. డాక్టరు సంతోషంగా పక్క మంచానికి పోతాడు, రోగి బంధువులు సంతోషిస్తారు, మాకు టీ తాగే టైము దొరుకుతుంది. అది అబద్ధమని మాకెవరికీ తోచలేదు. మర్యాద అనుకున్నాం. నాకు తెలిసి ఆ నర్సింగ్ హోమ్‌లో చనిపోయిన వాళ్ళంతా ముందు రోజు పర్వాలేదనే ఉన్నారు.

చదువు రాకుండా అన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చావని అడుగుతారు. రంగులు చూసి. ఎర్ర అట్ట బీపీది, ఆకుపచ్చ అట్ట షుగరుది, వెండి అట్ట మీద నీలం గీత ఉంటే నిద్రది. ఒకరోజు మందుల కంపెనీ ఎవరినీ అడక్కుండా అట్టల రంగు మార్చింది. నేను బీపీ అనుకుని షుగరు మాత్రలు ట్రేలో పెట్టుకుని పోతుంటే, మందుల షాపులో కూర్చునే అమ్మాయి తలుపు దగ్గర పట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. మధ్యాహ్నం అన్నాల వేళ ఒక పలక తెచ్చి నా ముందు పెట్టి, "రంగులు కంపెనీ వాళ్ళవి అక్కా, అక్షరాలు నీవి" అంది. తెలుగు ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఇంగ్లీషు మాత్రం మాత్రల అట్టల మీద వచ్చింది. అట్టల మీద పేర్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి కదా, నాకూ పెద్దవే వచ్చాయి. చిన్నవి తర్వాత చూద్దాంలే అనుకున్నాను. ఆ 'తర్వాత' అనేది ఎప్పుడొచ్చిందో ముందు ముందు చెబుతాను.

మోకాళ్ళు అరిగాక నర్సింగ్ హోమ్ వదిలేసి ఇంటి డ్యూటీలు పట్టాను. అలా దొరికిన పెద్దాయన, బంగారు మైను నడిచే రోజుల్లో టైంకీపరు. గేటు దగ్గర రిజిస్టరు ముందు కూర్చుని, షిఫ్టుకి దిగేవాళ్ళ హాజరు వేసే ఉద్యోగం. మా ఆయన భూమి కింద పని చేసేవాడు. ఒకరోజు ఒక్క నిమిషం ఆలస్యమైందని ఈయన మా ఆయన్ని వెనక్కి పంపేశాడు. మైను కూలీలముండే మా లైన్లలో పిల్లల్ని భయపెట్టడానికి బూచాడు అవసరం ఉండేది కాదు, ఈయన పేరు చాలు. ఒక గీత ఎక్కువ వేయడు, ఒక గీత తక్కువ వేయడు. సొంత తమ్ముడికి కూడా హాజరు తగ్గించాడని చెప్పుకునేవాళ్ళు. అలాంటి మనిషి నా ముందు కుర్చీలో, చొక్కా గుండీ పెట్టుకోలేక, నా చేతికి గడ్డం అప్పగించి కూర్చున్నాడు. పార్కిన్సన్ జబ్బు. కుడి చెయ్యి ఎప్పుడూ గింజలు ఏరుతున్నట్టు ఆడుతుంది. మాత్ర పని చేసే వేళల్లో కాస్త తిరుగుతాడు, పని చేయనప్పుడు ఒళ్ళంతా కొయ్యలా బిగుసుకుపోతుంది. మాట ఎంత సన్నగా వస్తుందంటే వంగి వినాలి. ఒకప్పుడు గేటు దాటి వినిపించిన గొంతు అది.

ఆయనకి రోజూ గడ్డం గీయాలి. మానితే ఊరుకోడు. నాకేమో మగవాళ్ళ గడ్డం గీయడం చేతకాదు, కొబ్బరికాయ పీచు తీసినట్టు గీసేదాన్ని. ఆయన అద్దంలో చూసుకుని, "నీ మొగుణ్ణి వెనక్కి పంపినందుకు ఇంగా కోపం పోలేదామ్మా?" అనేవాడు.

ఇంట్లో ఆయన భార్య ఉండేది. కూతురు బెంగళూరులో బ్యాంకు ఆఫీసరు. వారం వారం వచ్చేది, వచ్చి నిద్రపోయేది. పాపం ఆమెకి దొరికే నిద్ర అదొక్కటే. అల్లుడు కంపెనీలో పెద్ద ఉద్యోగి, ఆఫీసు కార్డు మెడలో వేసుకుని పెళ్ళిళ్ళకి కూడా పోయే రకం. మామగారి మందుల చీటీని ప్లాస్టిక్ పొరలో వేయించి హాల్లో ఫ్రిజ్ మీద అంటించింది ఆయనే. వచ్చిన చుట్టాలకి దాన్ని చూపించి, సిస్టం ఉండాలి అనేవాడు. ఆ చీటీ ఎనిమిది నెలలు అక్కడే ఉంది. పాలు తీసినప్పుడల్లా అందరం చూశాం. దేవుడి పటాన్ని చూసినట్టు చూశాం, అంటే చదవలేదు.

ఒక శనివారం అల్లుడు కారు దిగుతూనే ఫోను పైకెత్తి చూపిస్తూ వచ్చాడు. ఈ జబ్బుకి జీన్ థెరపీ అని వస్తోందట. మెదడులో ఒక చోట ఊరాల్సిన రసం ఊరడం లేదు, అందుకే ఈ బిగుసుకోవడం. ఆ రసం తయారు చేసుకోమని చెప్పే జీన్‌ని ఒక వైరస్‌లో పెట్టి, పుర్రెకి చిన్న రంధ్రం చేసి, సన్నటి గొట్టంతో ఆ చోటికి దించుతారట. ఒక్కసారి పెడితే చాలు, మెదడే తన మందు తను చేసుకుంటుందట. చెబుతున్నంత సేపు అల్లుడి కళ్ళు మెరిశాయి. ఆయనే కనిపెట్టినట్టు చెప్పాడు.

పెద్దాయన శ్రద్ధగా విని, "ఎన్ని అడుగులు దించుతారంట?" అని అడిగాడు.

"అడుగులు కాదు మామా, మిల్లీమీటర్లు."

"అంత పైనే ఉండేదానికి ఇన్నాళ్ళు ఏం చేస్తా ఉండారు?"

భార్యకి వైరస్ అన్న మాట నచ్చలేదు. "రెండేండ్లు ఆ వైరస్ ఇంట్లోకి రాకూడదని బెండకాయలు కూడా సబ్బుతో కడిగినాను. ఇప్పుడు దాన్ని పిలిచి ఈయన తలకాయలో కూచోబెడతారా?" అంది. అల్లుడు ఓపికగా, అది చెడు చేసే గుణం తీసేసిన వైరస్ అని చెప్పాడు. పళ్ళు పీకిన పాములాంటిదా అని ఆమె అడిగింది. అవును అన్నాడు. పళ్ళు మళ్ళీ వస్తాయి కదా అంది. ఆయన మళ్ళీ ఫోనులో వెతకడం మొదలుపెట్టాడు.

కబురు పాకింది. పెద్దాయన అక్క కామసముద్రం నుంచి బస్సెక్కి వచ్చింది. తొంభైకి దగ్గరైన మనిషి, చెవులు రెండూ బాగా పని చేస్తాయి. అంతా విని, అందరూ అడగాలనుకుని అడగలేకపోయింది అడిగేసింది. "అది ఎవురి జీనప్పా? యా జాతోళ్ళదో తెలుసుకోకుండా ఎక్కించుకుంటే యెట్ల?"

అదేం మాట అని అల్లుడు అంటాడనుకున్నాను. అనలేదు. "ల్యాబులో చేస్తారు అత్తా, మనిషి దగ్గర నుంచి తీసేది కాదు. ప్యూర్" అన్నాడు. గదిలో అందరి ఊపిరీ కిందికి దిగింది. నేను ఆ పక్కనే పెద్దాయన నోట్లో సంగటి ముద్ద పెడుతూ ఉన్నాను. నా జాతి ఏదని ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. నన్ను వంటింటి గడప దాటనివ్వలేదు కాబట్టి అడగాల్సిన పని పడలేదు. కంచం గడప దగ్గరికి వచ్చేది, నేను అందుకునేదాన్ని.

బెంగళూరు పెద్ద ఆసుపత్రిలో డాక్టరమ్మ వయసు ముప్పై ఐదు దాటదు. అల్లుడు ఇంగ్లీషు సిద్ధం చేసుకుని పోయాడు. ఆమె రాయల్పాడు పక్క రైతుల ఇంటి పిల్ల. పెద్దాయన్ని చూడగానే "ఏమప్పా, యాడ నుంచి వచ్చినారు?" అంది. అల్లుడి ఇంగ్లీషు అంతా వృథా అయింది.

ఆమె ఏదీ దాచలేదు. జీన్ మందు ఇంకా ప్రయోగంలోనే ఉందని, డబ్బు కట్టి కొనుక్కునేది కాదని, పని చేస్తుందో లేదో, చేస్తే ఎన్నాళ్ళు చేస్తుందో ఎవరూ మాట ఇవ్వలేరని చెప్పింది. ఇక్కడ ఇంకా మొదలు కాలేదు, ఎప్పుడైనా మొదలైతే పిలవడానికి కొందరి పేర్లు రాసి పెట్టుకుంటున్నాం అంది. ఇలాంటి ప్రయోగాల్లో కొందరికి అసలు మందు పెట్టకుండా, తల మీద గాటు మాత్రం పెట్టి పంపిస్తారనీ, ఎవరికి ఏది జరిగిందో చాలా రోజులు చెప్పరనీ కూడా చెప్పింది. పని లేకుండా హాజరు వేసినట్టే కదా అని పెద్దాయన ఆ మాటకి నవ్వాడు. చాలా రోజుల తర్వాత చూశాను ఆ నవ్వు.

పేరు రాసుకోవాలంటే ముందు ఒక సంగతి తెలియాలి. మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నా రోజులో ఎన్ని గంటలు బిగుసుకుపోతున్నాడు? దానికి ఒక గళ్ళ కాగితం ఇచ్చింది. మూడు రోజులు, పొద్దున లేచిన దగ్గర నుంచి అరగంటకి ఒక గడి. బాగున్నాడా, బిగుసుకున్నాడా, ఒళ్ళు దానంతట అది ఊగుతోందా, నిద్రా. నాలుగింటిలో ఒక దానికి టిక్కు పెట్టాలి. పక్కన ఉండేది ఎవరని అడిగింది. అల్లుడు నన్ను చూపించి, చదువు తక్కువ అన్నట్టు చెయ్యి తిప్పాడు. నేను డాక్టరమ్మ బల్ల మీది మాత్రల అట్ట అందుకుని, దాని మీద పేరు అక్షరం అక్షరం చదివాను. ఆమె కాగితం నా చేతికే ఇచ్చింది. ఆ రోజు కారులో వెనక సీట్లో నేను కూర్చున్న తీరు చూసి ఉంటే, పెద్దాయన నాకు రెండు షిఫ్టుల హాజరు వేసేవాడు.

సోమవారం మొదలుపెట్టాను. మొదటి గంటలోనే మేమిద్దరం తగువు పెట్టుకున్నాం. ఎనిమిదిన్నరకి ఆయన చెయ్యి కొంచెం బిగుసుకుంది. నేను అలవాటు కొద్దీ బాగున్నాడని టిక్కు పెట్టాను. ఆయన కాగితం చూపించమన్నాడు. చూసి, రబ్బరు తెమ్మన్నాడు.

"ఇది బాగుండేదా?"

"పర్వాలేదు కదప్పా."

"పర్వాలేదు అని యా గడిలో రాసుండాది? నాకు చూపించు."

నిజమే, అలాంటి గడి లేదు. ఇరవై ఏళ్ళుగా నేను పెడుతూ వచ్చిన టిక్కులన్నీ లేని గడిలో పెట్టానని అప్పుడు అర్థమైంది. చెరిపి సరిగ్గా పెట్టాను. ఆ తర్వాత ఆయన గోడ గడియారం వైపు కుర్చీ తిప్పించుకున్నాడు. అరగంట కొట్టే ముందే నన్ను పిలిచేవాడు. మైను మూసేశాక ఆయనకి దొరికిన మొదటి రిజిస్టరు అది. అందులో మనిషి ఒక్కడే, ఆ ఒక్కడూ ఆయనే. అయినా వదల్లేదు.

అది అనపకాయల కాలం. మా వైపు ఆ రెండు నెలలు ఇంకో కూర వండితే మనిషికి మతి చలించింది అనుకుంటారు. ఆ ఇంట్లో రోజూ పితికిపప్పు. అనపగింజలు నానబెట్టి, ఒక్కొక్కటీ వేళ్ళతో నొక్కి, తొక్క నుంచి పప్పును పితికి తీసి పులుసు పెడతారు. మధ్యాహ్నం పన్నెండున్నరకి సంగటి ముద్ద, పితికిపప్పు, ఆపైన గట్టి పెరుగు. అది తిన్నాకే మాత్ర. ఖాళీ కడుపులో మాత్ర వేస్తే పేగులు కాలిపోతాయని ఆ ఇంటావిడ నమ్మకం, నా నమ్మకం, మా హెడ్ నర్సు నమ్మకం, మా అందరి అమ్మల నమ్మకం. అన్నం తిన్నావా, మాత్ర వేసుకో. ఈ దేశంలో మందు గురించి ఎవరికీ అనుమానం లేని మాట అదొక్కటే.

మాత్ర వేసినా ఒంటిగంట నుంచి నాలుగున్నర వరకు కొయ్య. మూడు రోజులూ అంతే. పొద్దున మాత్రం తొమ్మిది నుంచి పదకొండు వరకు మనిషి బాగుండేవాడు, రేజరు పట్టేంత కాదు గానీ. ఉన్నది ఉన్నట్టు టిక్కులు పడుతున్నాయి.

బుధవారం సాయంత్రం అల్లుడు ఫోనులో ముఖం చూపించి, కాగితం చూపించమన్నాడు. చూసి, ఇవి చాలవు అన్నాడు. బిగుసుకునే గంటలు ఎక్కువుంటేనే పేరు రాసుకుంటారని ఎక్కడో చదివాడట. పొద్దున కూడా కొన్ని పెట్టు ఆయా, ఏమవుతుంది అన్నాడు. నేను తల ఊపి ఫోను పెట్టేశాను. పెద్ద ఉద్యోగులు చెప్పేదానికి తల ఊపి నా పని నేను చేసుకోవడం నాకు కొత్త కాదు.

కానీ ఆ వెంటనే పెద్దాయన సన్నగా పిలిచాడు. వంగాను.

"పొద్దున తొమ్మిది నుంచి నాలుగు గళ్ళు. మూడు దినాలూ. బిగుసుకున్నట్ల వెయ్యి."

నేను సరిగ్గా వినలేదేమో అని మళ్ళీ అడిగాను. మళ్ళీ అదే చెప్పాడు. నాకు కోపం వచ్చింది. అల్లుడు చెబితే రాని కోపం. "ఒక్క నిమిషానికి మా ఆయన్ని వెనక్కి పంపినావే అప్పా. ఆ పొద్దు గూడా రబ్బరు నీ దగ్గరే ఉండె కదా" అన్నాను.

ఆయన చెయ్యి గింజలు ఏరుతూనే ఉంది. తర్వాత అన్నాడు, "ఒకతూరి నా గడ్డం నేను గీసుకోవల్లమ్మా. ఇంగేమీ వద్దు. నడవకపోతే పోయె. మొగోని మొఖం ఇంగొకరి చేతిలో పెట్టి కూచునేది నా చేత కాలేదు."

ఇదీ నా తప్పు. వేశాను. పన్నెండు గళ్ళు, శుభ్రంగా, గీత పక్కకి పోకుండా. నలభై ఎనిమిదో ఏట కష్టపడి నేర్చుకున్న చదువుతో నేను చేసిన మొదటి పెద్ద పని దొంగ హాజరు. అదీ టైంకీపరుకి.

శుక్రవారం పది గంటలకి మమ్మల్ని రమ్మన్నారు. చీకటితోనే బయల్దేరాం. తిని కారెక్కితే ఆయనకి వాంతి, అందుకని ఇడ్లీలు డబ్బాలో పెట్టి ఇచ్చింది భార్య. దారిలో ఆగి తినిపించి మాత్ర వేయమంది. అల్లుడు ఆగలేదు. ట్రాఫిక్, ట్రాఫిక్ అంటూ నడిపాడు. హొసకోట దాటేసరికి మాత్ర టైము దాటిపోతోంది. ఇక చేసేది లేక, ఆమెకి మనసులో దండం పెట్టుకుని, ఖాళీ కడుపున మాత్ర వేశాను. పేగులు కాలితే నా పూచీ అనుకున్నాను.

ఆసుపత్రి దగ్గర కారు ఆగింది. నేను చక్రాల కుర్చీ కోసం పోయి వచ్చేలోపు పెద్దాయన దిగి నిలబడ్డాడు. నిలబడి, పంచె సర్దుకుని, నడిచాడు. పెళ్ళికొడుకులా కాదు గానీ, పెళ్ళికొడుకు తండ్రిలా నడిచాడు. వరండా మొత్తం నడిచి, డాక్టరమ్మ గదిలోకి పోయి, దండం పెట్టి కూర్చున్నాడు. నేను ఖాళీ కుర్చీ తోసుకుంటూ వెనకాల పరిగెత్తాను.

ఆమె ఆయన్ని చూసింది, గోడ గడియారం చూసింది, నా కాగితం చూసింది. పది గంటల గడి మీద వేలు పెట్టింది.

"మూడు దినాలూ ఈ టైముకి బిగుసుకొని ఉన్నట్ల ఉండాదే. ఈయప్ప ఇప్పుడు నడిచి వచ్చినాడు. ఈ గళ్ళు ఎవురు వేసింది?"

అల్లుడికి క్షణం కూడా పట్టలేదు. "ఆయా వేసింది మేడం. ఆమె అక్షరాలు ఈ మధ్యే నేర్చుకుంది. గళ్ళు తెలియక తప్పు పెట్టుంటుంది."

నా జీవితంలో నన్ను చాలామంది చాలా మాటలన్నారు. అవేవీ గుర్తు లేవు. ఇది గుర్తుంది. జవాబు నా నాలుక మీదే ఉంది. ఫోనులో మీరు చెప్పింది కూడా తెలుగే కదా సార్, అది నాకు చదువు రాకముందు నుంచే వచ్చు అనాలి. కానీ నిజం చెబితే ఆయన పేరు ఆ పట్టీలోకి ఎక్కదు. ఏమీ తెలియని ఆయా తప్పు చేసిందంటే ఇంకో కాగితం ఇస్తారు, ఇంకో మూడు రోజులు దొరుకుతాయి. లెక్క తేలిగ్గానే తేలింది.

"అవునమ్మా. గళ్ళు తప్పినాను. నాకు సరిగా తెలీదు" అన్నాను. ఆ మాట అంటుంటే మందుల షాపు అమ్మాయి, ఆమె పలక కళ్ళ ముందు కనిపించాయి. తల దించుకున్నాను.

"కాదు" అని వినిపించింది. ఎప్పటి సన్నగొంతు కాదు. గేటు దాకా పోకపోయినా, బల్ల దాటింది. "ఆమెకి గళ్ళు బాగా తెలుసు. నాకంటే బాగా వేస్తుంది. నేను వేయమంటి. పన్నెండు గళ్ళు దొంగవి."

అల్లుడు మామగారిని, ఆయన ఎవరో కొత్త మనిషి అన్నట్టు చూశాడు.

"ఏమిటికప్పా?" అని అడిగింది డాక్టరమ్మ. ఆమె గొంతులో కోపం లేదు.

గడ్డం సంగతి చెప్పాడు. ఆమె నవ్వలేదు. పొద్దున ఏం తిన్నాడు, మాత్ర ఎప్పుడు వేశారు అని నన్ను అడిగింది. నన్నే. భయపడుతూ చెప్పాను, తినలేదమ్మా, ఖాళీ కడుపున వేసేశాను అని. మరి ఇంట్లో? అన్నం తిన్నాకే వేస్తాం. ఏం అన్నం? సంగటి, పితికిపప్పు, పెరుగు. ఆమె కళ్ళు మూసుకుని తల వెనక్కి వాల్చింది. పితికిపప్పు అనగానే ఇంటి మీదికి మనసు పోయిందేమో అనుకున్నాను. అదికాదు. పాత చీటీ ఉందా అని అడిగింది.

ఉండకపోవడమేమిటి. అల్లుడు ఫ్రిజ్ మీది ప్లాస్టిక్ చీటీని ఫైలులో పెట్టుకుని మరీ తెచ్చాడు. ఆమె దాన్ని తిప్పి, అడుగున ఉన్న ఒక వరస మీద గోరు పెట్టి చదివింది. అన్నానికి కనీసం అరగంట ముందు వేసుకోవాలి. పప్పు, పెరుగు లాంటివాటితో కలిపి వేసుకోకూడదు. ఆ తిండి కడుపులో ఉంటే మాత్రని ఒంటికి ఎక్కనీయదు.

ఇంగ్లీషులో ఉంది. చిన్న అక్షరాల్లో ఉంది. నేను తర్వాత చూద్దాంలే అనుకున్న అక్షరాలు. నాకు రావు, ఆ ఇంటావిడకి ఇంగ్లీషే రాదు. మిగిలిన వాళ్ళకి వచ్చినన్ని డిగ్రీలు ఆ చీటీ మీద పట్టవు. వాళ్ళు మెదడులోకి జీన్ ఎలా దిగుతుందో చదివారు. నోట్లోకి మాత్ర ఎప్పుడు దిగాలో చదవలేదు. నేను వాళ్ళని ఎగతాళి చేయడానికి లేదు, మధ్యాహ్నం మాత్ర పప్పు, పెరుగు మీద వేసిన చెయ్యి నాదే. ఎనిమిది నెలల పాటు వేసింది. అయినా చేస్తున్నాను.

డాక్టరమ్మ ఆ కాగితాన్ని మడిచి పక్కన పెట్టేసింది. ఈ రోజు పేరు రాసుకోలేను అంది. మాత్ర సరిగ్గా వేసుకుంటే బాగుండే మనిషికి పుర్రెకి రంధ్రం గురించి మాట్లాడటం తప్పు అంది. కోపంగా చెప్పలేదు గానీ, గట్టిగా చెప్పింది. అనపకాయలు మానొద్దు, రాత్రికి తినండి, మాత్ర మాత్రం ముందు. అయితే ఇది ఆగే జబ్బు కాదనీ, కొన్నాళ్ళకి మాత్రలు సరిగ్గా వేసినా బిగుసుకునే గంటలు వస్తాయనీ, అప్పుడు నిజం గళ్ళతో రమ్మనీ చెప్పింది.

తిరుగు దారిలో అల్లుడు చెవిలో పెట్టుకున్న ఫోనులో ఎవరికో, ఆ డాక్టరు అంత అప్‌డేటెడ్ కాదు అని చెప్పాడు. పెద్దాయన డబ్బా తెరిపించి ఇడ్లీలు తిన్నాడు. ఐదు తిన్నాడు.

పది రోజుల్లో పొద్దునే కాదు, మధ్యాహ్నం కూడా మనిషి మారిపోయాడు. పద్నాలుగో రోజు రేజరు అడిగాడు. అద్దం నేను పట్టుకున్నాను. ఎడమ చెంప శుభ్రంగా, కుడి చెంప మీద రెండు గాట్లు. అరగంట పట్టింది. ముగించి ముఖం కడుక్కుని, నన్నూ అద్దాన్నీ చూసి, "నీకంటే నేనే మేలు" అన్నాడు. అవును, నిజమే.

ఆ నెలాఖరుకి భార్య గడప దగ్గర నిలబడి, సోమవారం నుంచి నువ్వు రానక్కర్లేదమ్మా, ఆయన పని ఆయన చేసుకుంటున్నాడు కదా అంది. రోగి బాగుపడితే ఆయాకి పని పోతుంది. పర్వాలేదు అంటూ పని చేసినప్పుడు ఇరవై ఏళ్ళు ఉంచుకున్నారు, ఒక్క నిజం బయటపడ్డాక నెల తిరక్కుండా పంపేశారు. మీరే ఆలోచించుకోండి.

ఇది జరిగి మూడేళ్ళు దాటింది. మొన్న ఆ వైపు పనుండి పోతే లోపలికి పిలిచారు. పెద్దాయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నాడు. గడ్డం రెండు రోజులది. ఒళ్ళో ఒక నోటుపుస్తకం, అందులో చేత్తో గీసిన గళ్ళు, వంకర టిక్కులు. అరగంట అరగంటకి ఆయనే వేసుకుంటున్నాడు. మాత్రలన్నీ టైముకే, అన్నానికి ముందే, రోజుకి ఇప్పుడు ఐదుసార్లు. అయినా మధ్యాహ్నం రెండు గంటలు బిగుసుకుపోవడానికే పోతున్నాయట. పోయిన నెల ఒకటిన్నరే. డాక్టరమ్మకి ఫోను చేసి అడిగారట, ప్రయోగం ఇంకా ఇక్కడికి రాలేదంది, పట్టీ మాత్రం ఉందంది. ఇంకో గంట పెరిగితే కాగితాలు తీసుకుని రమ్మందట.

"ఇంగొక్క గంటమ్మా" అన్నాడు. కళ్ళు మెరుస్తున్నాయి. "అన్నీ నిజం గళ్ళే. చూడు."

పేజీలు తిప్పి చూపించాడు. ఈ నాలుగు నెలలుగా ఒక్కో నెలకి ఒక గడి, ఒక గడి పెరుగుతూ వచ్చింది. బిడ్డ ఎదుగుదల చూపించినట్టు చూపించాడు. గడియారం అరగంట కొట్టింది. ఆయన పెన్సిలు తీయబోయాడు, వేళ్ళు ముడుచుకుపోయి రాలేదు. పుస్తకం నా వైపు జరిపాడు.

నేను ఆయన చెయ్యి పట్టుకుని చూశాను. మోచెయ్యి వంచి చూశాను. ఈ గడిలో ఏం పడితే ఆయనకి సంతోషమో నాకు తెలుసు. ఏం పడకూడదని నేను కోరుకుంటున్నానో కూడా తెలుసు. చెయ్యి కొయ్యలాగే ఉంది.

బిగుసుకున్నాడు అన్న గడిలో టిక్కు పెట్టి, చూసుకోమని పుస్తకం ఆయన ముందు పట్టుకున్నాను.